వైను తేర్చే సాధనాలు (ఇంటి తయారీ)

వైను తేర్చడం అనగా పులిసిన ద్రాక్షరసం అడుగున పేరుకొన్న మడ్డిని కదపకుండా, పైనున్న తేటను మరొక పాత్రలోనికి మార్చడం. దీనినే ఆంగ్లంలో ర్యాకింగ్ అంటారు. ఇంటిలో వైను తయారుచేసుకొనేవారు ఒక్కొక్క విడత వైనుకు ఈ పనిని సాధారణంగా మూడు నాలుగు పర్యాయాలు చేస్తారు. ఇందుకు రబ్బరువంటి మెత్తని గొట్టాలు, సైఫన్లు, కొళాయి గల పాత్రలు, చిన్న పంపులు వాడుకలో ఉన్నాయి. వీటిలో ఏది ఎంత వేగంగా పనిచేస్తుందన్నది రెండవ మాట. వైనుకు ఎంత గాలిని సోకనిస్తుంది, మడ్డిని ఎంత కదలనిస్తుంది అన్న రెండు ప్రశ్నలను బట్టియే సాధనాన్ని ఎంచుకోవాలి. చక్కగా పులిసి, నెలల తరబడి కుదురుకొన్న వైను కూడా అజాగ్రత్తతో చేసిన ఒక్క మార్పిడి వలన రంగు మారి, పులుపెక్కి పనికిరాకుండా పోవచ్చును.

ఈ వ్యాసంలోని కొలతలు, పద్ధతులు ఇంటి వైను తయారీ చట్టసమ్మతమై ఎక్కువ ప్రచారంలో ఉన్న అమెరికా, బ్రిటన్ దేశాల వాడుకను అనుసరించి ఇవ్వబడినవి. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం ఇద్దరు లేక అంతకు మించి వయోజనులున్న ఇంటిలో ఏడాదికి 200 గ్యాలన్లు (సుమారు 757 లీటర్లు), ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు సొంత వాడకానికి పన్ను లేకుండా తయారుచేసుకోవచ్చు. దానిని అమ్మరాదు. భారతదేశంలో మత్తు పానీయాలు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాకు చెందిన విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కనుక అమెరికాలోని తెలుగువారికి అభిరుచిగా చెల్లే పని ఇక్కడి వారి బంధువులకు చెల్లదు.

చరిత్ర

వంచిన గొట్టంతో జాడీలోని ద్రవాన్ని పైకి లాగి క్రిందికి దింపడం చాలా ప్రాచీనమైన విద్య. క్రీ.పూ. 1500 ప్రాంతం నాటి ఈజిప్టు చిత్రాలలో పెద్ద జాడీల నుంచి ద్రవాన్ని సైఫన్లతో తీసే దృశ్యాలున్నాయి. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే గ్రీకు శాస్త్రజ్ఞుడు తన 'న్యూమాటికా' గ్రంథంలో సైఫన్ల నిర్మాణాన్ని వివరించాడు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో 225 లీటర్ల ఓక్ పీపాలలో ఉంచిన వైనును సంప్రదాయంగా మూడు నెలలకొకసారి తేరుస్తారు. ప్రవహిస్తున్న వైను వెనుక కొవ్వొత్తిని పట్టుకొని, మడ్డి ఛాయ కనబడిన మరుక్షణమే ప్రవాహాన్ని ఆపివేయడం అక్కడి పనివారి పద్ధతి. ఇంటిలో పని చేసేవారికి ఈనాటికీ ఇంతకన్న మంచి పద్ధతి లేదు. కొవ్వొత్తికి బదులు టార్చిలైటు వచ్చినదంతే.

మడ్డి, గాలి

ఈస్టు ద్రాక్షలోని చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఈ పని ముగియవచ్చేసరికి చనిపోయిన ఈస్టు కణాలు, పండు గుజ్జు, తొక్కల తునకలు అడుగుకు దిగుతాయి. మొదటి రోజులలో దిగే ముతక మడ్డిని ఎక్కువకాలం ఉంచితే అది కుళ్ళి, హైడ్రోజన్ సల్ఫైడు వలన మురిగిన కోడిగ్రుడ్డు వాసన పుడుతుంది. తరువాత దిగే సన్నని మడ్డి అంత ప్రమాదకారి కాదు. ఫ్రాన్సులోని మస్కడే వంటి కొన్ని వైన్లను రుచి కోసం కావాలనే సన్నని మడ్డిపై ఉంచుతారు. ఇంటి తయారీలో సాధారణంగా మొదటి కిణ్వనం జోరు తగ్గిన తరువాత, అనగా వారం పది రోజులకు ఒకసారి, ఆ పిమ్మట నెల రెండు నెలలకు మరొకసారి, తరువాత తేట పడేవరకు రెండు మూడు నెలలకొకసారి తేరుస్తారు. క్యాలెండరు చూసి కాక, మడ్డి చూసి తేర్చడం మేలు. అడుగున ఏమీ లేనప్పుడు తేర్చడం వైనుకు గాలి తగిలించడమే అవుతుంది.

గాలి సంగతి కొంచెం లెక్కతో చెప్పుకోవాలి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలితో పూర్తిగా కలిసిన వైనులో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. వైనును కాపాడడానికి పొటాషియం మెటాబైసల్ఫైటు రూపంలో సల్ఫర్ డయాక్సైడును కలుపుతారు. 23 లీటర్లకు 2 గ్రాముల మెటాబైసల్ఫైటు వేస్తే లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడు వస్తుంది. సిద్ధాంతరీత్యా ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ నాలుగు మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడును హరిస్తుంది. అంటే గరాటు పెట్టి, పై నుంచి ధారగా నురుగు వచ్చేటట్లు వంపిన వైనులో, వేసిన రక్షణలో సగానికి మించి ఆ ఒక్క మార్పిడికే ఖర్చయ్యే అవకాశమున్నది. మిగిలిన గాలి ఆల్కహాలును అసిటాల్డిహైడుగా మారుస్తుంది. అసిటిక్ ఆమ్ల బాక్టీరియా చేరితే వైను వినిగరు దారి పడుతుంది. ఈ బాక్టీరియాకు ఆక్సిజన్ తప్పనిసరి కనుక గాలిని ఆపితే వాటినీ ఆపినట్లే.

దీనికి ఒక మినహాయింపు కలదు. మొదటి మార్పిడిలోనే గ్రుడ్డు వాసన సోకినట్లు తెలిస్తే, ఆ ఒక్కసారికి వైనును కొంత చిమ్మనిచ్చి తేరుస్తారు. చెడు వాయువు గాలిలోకి పోతుంది. ఆ తరువాతి మార్పిడులలో ఈ పని చేయరాదు.

సైఫను పనిచేసే తీరు

కిరోసిన్ డబ్బాలో గొట్టం పెట్టి సీసాలోకి దించిన వారందరికీ సైఫను పరిచితమే. గొట్టం నిండా ద్రవం ఉండి, దాని బయటి కొన పై పాత్రలోని ద్రవమట్టం కన్న దిగువన ఉంటే ద్రవం తనంతట తానే ప్రవహిస్తుంది. క్రిందికి దిగే భాగంలోని ద్రవం బరువు లాగుతుంది, వాతావరణ పీడనం వెనుక నుంచి నెడుతుంది. రెండు పాత్రలలో మట్టాలు సమానమైతే ప్రవాహం ఆగిపోతుంది. కనుక పై పాత్ర అడుగుభాగం క్రింది పాత్ర మూతికన్న ఎత్తున ఉండాలి. 23 లీటర్ల గాజు కార్బాయ్ దాదాపు అర మీటరు ఎత్తుంటుంది. కాబట్టి ఒకటి నేలమీద, రెండవది మామూలు భోజనపు బల్లమీద ఉంటే సరిపోతుంది.

సైఫను వంపులో పీడనం బయటి గాలి పీడనం కన్న తక్కువ. ఈ చిన్న విషయం తెలియక చాలామంది మోసపోతారు. వంపు దగ్గరి అతుకు వదులైతే అక్కడ వైను బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. బయట తడి కనబడదు కనుక అంతా బాగున్నదనుకొంటారు. గొట్టంలో సన్నని బుడగల వరుస ఎడతెగకుండా కనబడితే అతుకును అనుమానించాలి. అయితే కొత్త వైనులో కరిగివున్న కార్బన్ డయాక్సైడు కూడా వంపులో బుడగలుగా చేరి ప్రవాహాన్ని తెంచివేస్తుంది. గొట్టాన్ని తట్టినప్పుడు బుడగలు పోయి మళ్ళీ నెమ్మదిగా చేరితే అది వైనులోని వాయువు. తట్టినా ఆగకుండా ఒకే చోటు నుంచి పుడుతుంటే అది అతుకు లోపం.

గొట్టం లావు

గొట్టాన్ని దాని లోపలి వ్యాసంతో కొలుస్తారు. అమెరికా దుకాణాలలో అంగుళంలో 5/16 వంతు (సుమారు 8 మి.మీ.), 3/8 వంతు (9.5 మి.మీ.), అర అంగుళం (12.7 మి.మీ.) గొట్టాలు దొరుకుతాయి. నిలువు గొట్టాలకు మాత్రం బయటి వ్యాసాన్ని చెప్పడం వాడుక. లోపలి కొలతను, బయటి కొలతను తికమక పడి తెచ్చిన గొట్టం వదులుగా ఉండి పైన చెప్పినట్లు గాలిని పీలుస్తుంది.

ఒకటిన్నర మీటరు పొడవు గొట్టం, అర మీటరు ఎత్తు తేడా ఉన్నాయనుకొని, ఘర్షణను కలుపుకొని లెక్కవేస్తే, 6 మి.మీ. గొట్టం గుండా నిమిషానికి దాదాపు 1.6 లీటర్లు, 8 మి.మీ. గొట్టం గుండా 3.4 లీటర్లు, 12 మి.మీ. గొట్టం గుండా 9 లీటర్లు ప్రవహిస్తాయి. వ్యాసం రెట్టింపయితే అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. ఘర్షణ కూడా తగ్గడం వలన ప్రవాహం దాదాపు ఆరు రెట్లయింది. 23 లీటర్లకు 6 మి.మీ. గొట్టంతో పావుగంట, 8 మి.మీ. గొట్టంతో ఏడు నిమిషాలు పడుతుంది. పై మట్టం తగ్గి క్రింది మట్టం పెరిగే కొద్దీ వేగం తగ్గుతుంది కనుక నిజానికి ఇంతకన్న కొంత ఎక్కువ సమయమే పడుతుంది.

లావు గొట్టమే మేలని దీనినుంచి అనుకోరాదు. అది పీల్చే జోరుకు గొట్టం కొన చుట్టూ ఉన్న మడ్డి లేచి వస్తుంది. 4.5 లీటర్ల డెమిజానులో అర అంగుళం గొట్టం పెడితే అర నిమిషంలో పాత్ర ఖాళీ అవుతుంది, మడ్డి ఎప్పుడు కదిలిందో చూసే వ్యవధి కూడా ఉండదు. డెమిజానుకు 6 నుంచి 8 మి.మీ., 23 లీటర్ల కార్బాయ్‌కు 8 నుంచి 10 మి.మీ. తగినవి. ఇటలీవారి 54 లీటర్ల పెద్ద డెమిజాన్లకు, పీపాలకు అర అంగుళం గొట్టం కావాలి. ఏ గొట్టానికైనా బయటి కొన దగ్గర ఒక నొక్కుడు బిగింపు తగిలించుకోవాలి. కొద్దిపాటి ధరకు వచ్చే ఈ ప్లాస్టిక్ ముక్క సైఫనును తెంచకుండానే ప్రవాహాన్ని తగ్గించడానికి, ఆపడానికి పనికివస్తుంది. దుకాణంలో అడిగి తెచ్చుకోవలసిన వస్తువులలో దీనిని మొదట చెప్పాలి.

పొడవు రెండు మీటర్లకు మించనక్కరలేదు. గొట్టం క్రింది పాత్ర అడుగు వరకు చేరాలి, అంతకన్న పొడవుంటే మెలికలు పడి అక్కడ ఆగిన వైను వృథా అవుతుంది.

గొట్టం దేనితో చేసినది

ఆహార పదార్థాలకు అనువైనదని ముద్రించిన గొట్టాన్నే కొనాలి. తోటకు నీళ్ళు పెట్టే గొట్టంలోని ప్లాస్టిక్ వాసన వైనుకు పట్టుకొంటే వదలదు. పారదర్శకమైన వినైల్ (పి.వి.సి.) గొట్టం చౌక, బుడగలు, మడ్డి స్పష్టంగా కనబడతాయి. అయితే మరుగు నీటిలో వేస్తే మెత్తబడి పాడవుతుంది, కాలం గడిచే కొద్దీ గట్టిపడి మసకబారుతుంది. సిలికోన్ గొట్టం మరిగించడానికి తట్టుకొంటుంది, చలికాలంలో కూడా మెత్తగా వంగుతుంది. దాని గోడల గుండా ఆక్సిజన్ సులభంగా దూరుతుంది గాని, పది నిమిషాల మార్పిడిలో ఆ దూరినది లెక్కలోనికి రాదు. వైనును సిలికోన్ గొట్టంలో నిలువ ఉంచకుంటే చాలు.

ఇనుము, రాగి, ఇత్తడి భాగాలు వైనుకు తగలకూడదు. వైను ఆమ్లగుణం గలది కనుక ఈ లోహాలు కొద్దికొద్దిగా కరిగి వైనును మబ్బుగా చేస్తాయి, ఆక్సీకరణను వేగిరపరుస్తాయి. ఇత్తడిలో సీసం కూడా ఉండవచ్చు. లోహమే కావలసినచోట స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి.

నిలువు గొట్టం, దాని తొడుగు

మెత్తని గొట్టాన్ని నేరుగా వైనులో ముంచితే అది చుట్టుకొని ఎక్కడో మడ్డిలో తేలుతుంది. అందువలన పై పాత్రలో ఒక గట్టి నిలువు గొట్టాన్ని దించి, దానికి మెత్తని గొట్టాన్ని తొడుగుతారు. నిలువు గొట్టం ప్లాస్టిక్‌తో గాని, స్టెయిన్‌లెస్ స్టీలుతో గాని చేస్తారు. స్టీలుది విరగదు, మరిగించవచ్చు, కాని లోపల ఏమి ప్రవహిస్తున్నదో కనబడదు.

దీని అడుగు కొనకు చిన్న టోపీవంటి తొడుగు ఉంటుంది. ఆ తొడుగు గొట్టం నోటిని మూసి, వైను ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తునుంచి తొడుగు అంచుల మీదుగా దిగి లోపలికి వచ్చేటట్లు చేస్తుంది. అడుగున ఉన్న మడ్డిని నేరుగా పీల్చదు. ఖరీదైన సాధనాలలో లేని లాభం ఈ చిన్న తొడుగులో ఉన్నది. ముతక మడ్డి మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన ఉంటే తొడుగు కూడా కాపాడలేదు. అప్పుడు నిలువు గొట్టాన్ని మొదట వైను సగం లోతులో పట్టి ఉంచి, మట్టం దిగే కొద్దీ దించుకొంటూ పోవాలి. దుకాణాలలో దొరికే బిగింపు ఉంటే చేతితో పట్టుకోనవసరం లేదు.

ప్రవాహాన్ని మొదలుపెట్టడం

నోటితో పీల్చడం అందరికీ తెలిసిన పద్ధతి, అందరూ మానవలసిన పద్ధతి కూడా. నోటిలోని సూక్ష్మజీవులు గొట్టంలోనికి చేరతాయి. శుద్ధిచేసే ద్రావణం మిగిలివుంటే అది గొంతులోకి పోతుంది. దీనికి బదులు గొట్టాన్ని శుభ్రమైన నీటితో నింపి, బిగింపు వేసి, వైనులో ముంచి, మొదట వచ్చే నీటిని వేరే గిన్నెలోకి వదలివేయవచ్చు. ఖర్చు లేదు, కాని రెండు చేతులూ చాలవు.

ఆటో సైఫను అనే సాధనం ఈ ఇబ్బందిని తీరుస్తుంది. ఇది సైకిలు పంపు వంటిది. వెడల్పైన గొట్టంలో నిలువు గొట్టం ముషలకం మాదిరి కదులుతుంది. ఒకటి రెండుసార్లు పైకి క్రిందికి ఆడిస్తే వైను వంపును దాటి ప్రవహించడం మొదలవుతుంది. ఒంటరిగా పనిచేసేవారికి ఇది ఉత్తమమైన సాధనం. దీని బలహీనత రబ్బరు ముద్ర. అది అరిగితే వైనుతోపాటు గాలిని కూడా లాగుతుంది. పాత్రలో వైను మట్టం ముద్ర కన్న క్రిందికి వచ్చినప్పుడు ఈ లోపం మరింత బయటపడుతుంది. ఏడాదికొకసారి ముద్రను మార్చుకోవడం, వేడినీటిలో వేయకుండా ఉండడం అవసరం.

అడుగున కొళాయి గల ప్లాస్టిక్ బకెట్లు కూడా వాడుకలో ఉన్నాయి. సైఫను అవసరం లేదు. కాని కొళాయి మడ్డికి దగ్గరగా ఉంటుంది, దాని లోపలి మూలలలో మురికి దాగుతుంది, ప్రతిసారీ విప్పి కడగాలి. సీసాలు నింపే చివరి రోజున దీనిని వాడడం మంచిది, నిలువ ఉంచే వైనుకు కాదు.

పంపులు, బరువు

సైఫనుకు పై పాత్ర ఎత్తున ఉండాలి. 23 లీటర్ల వైను, గాజు పాత్ర కలిసి దాదాపు 30 కిలోలు తూగుతాయి. తడి చేతులతో ఆ గాజు పాత్రను బల్లమీదికి ఎత్తడం ఈ అభిరుచిలోని అసలైన ప్రమాదం. జారి పగిలితే పోయేది వైను మాత్రమే కాదు, గాజు పెంకులు చేతుల నరాలను, స్నాయువులను కోయగలవు. మెడకు తగిలించే పిడులు ఖాళీ పాత్రను మోయడానికే. నిండిన పాత్రను గట్టి ప్లాస్టిక్ పెట్టెలోనో, పట్టీలలోనో ఉంచి ఇద్దరు కలిసి ఎత్తాలి. ఎత్తిన తరువాత మడ్డి మళ్ళీ దిగడానికి ఒకటి రెండు రోజులు వదలాలి. వైనును మొదటినుంచి బల్లమీదనే పులియబెట్టినవారికి ఈ బాధ లేదు.

నడుము నొప్పి గలవారికి, వయసు మళ్ళినవారికి పంపు అవసరమయ్యేది ఇక్కడ. పంపులలో ఇంటికి తగినవి రెండు రకాలు. డయాఫ్రం పంపు వైనును తన గుండానే నెడుతుంది. దాని పీల్చే వైపు అతుకులు వదులైతే వైనుతో గాలిని చిలుకుతుంది, పని ముగిసిన తరువాత లోపల కొంత వైను మిగులుతుంది, ప్రతిసారీ కడగాలి. రెండవది వాక్యూం పంపు. ఇది క్రింది పాత్రలోని గాలిని తీసివేయగా ఏర్పడిన లోటును పూరించడానికి వైను తానే అక్కడికి వస్తుంది. వైను పంపులోనికి పోదు, రెండు పాత్రలూ నేలమీదనే ఉండవచ్చు, కరిగివున్న కార్బన్ డయాక్సైడు కూడా కొంత పోతుంది. అయితే దీనిని పగులు, గీత లేని మందపాటి గాజు పాత్రలతోనే వాడాలి. పలుచని ప్లాస్టిక్ పాత్ర లోపలికి ముడుచుకుపోతుంది, లోపమున్న గాజు పాత్ర లోపలికి పేలవచ్చు.

ఒకటి రెండు డెమిజాన్లు మాత్రమే చేసేవారు పంపు కొనడం దండగ. ఏటా 23 లీటర్ల పాత్రలు నాలుగైదుకు మించి నింపేవారికి, బరువు ఎత్తలేనివారికి అది తగిన ఖర్చు.

శుద్ధి, మార్పిడి

కడగడం వేరు, శుద్ధి చేయడం వేరు. మడ్డి అంటుకొన్న గొట్టాన్ని ఎంత మందు నీటిలో ముంచినా లోపలి సూక్ష్మజీవులు చావవు. ముందు నీటితో బాగా కడిగి, ఆ తరువాతనే మెటాబైసల్ఫైటు, సిట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో గాని, ఫాస్ఫారిక్ ఆమ్లం గల శుద్ధి ద్రావణంతో గాని తడపాలి. మెటాబైసల్ఫైటు ఘాటు ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం కనుక కిటికీలు తెరిచి పనిచేయాలి. క్లోరిన్ గల బ్లీచింగు ద్రావణాన్ని వాడరాదు. క్లోరిన్, చెక్క, బూజు కలిసినచోట వైనుకు తడిసిన అట్టపెట్టె వాసన తెచ్చే పదార్థం పుడుతుంది. పని ముగిసిన గొట్టాన్ని చుట్టిపెట్టక, రెండు కొనలు క్రిందికి వచ్చేటట్లు వ్రేలాడదీసి ఆరబెట్టాలి. లోపల మసక, చుక్కలు కనబడిన గొట్టాన్ని పారవేయడమే. మిగిలిన సాధనాలతో పోలిస్తే గొట్టం ఖరీదు చాలా తక్కువ.

మార్పిడి సమయంలో గొట్టం బయటి కొనను క్రింది పాత్ర అడుగుకు ఆనించాలి. వైను నిశ్శబ్దంగా అడుగునుంచి పైకి నిండాలి. గలగల శబ్దం వినబడితే గాలి కలుస్తున్నట్లు లెక్క. కార్బన్ డయాక్సైడు సిలిండరు ఉన్నవారు క్రింది పాత్రను ముందుగా ఆ వాయువుతో నింపుతారు. పై పాత్రను ముందురోజే ఒక ప్రక్కకు కొంచెం వాల్చి ఉంచితే మడ్డి ఒక మూలకు చేరి తేట ఎక్కువ దక్కుతుంది.

మొదటి మార్పిడిలో 23 లీటర్లకు ఒకటి రెండు లీటర్లు మడ్డితో పోతాయి. ఆ ఖాళీని అలాగే వదిలితే గాలి వైనుపై నిలుస్తుంది. కనుక క్రింది పాత్ర మొదటి దానికన్న చిన్నదై ఉండాలి, లేదా అదే రకం వైనుతో బిరడా క్రింద రెండు మూడు సెంటీమీటర్ల వరకు నింపాలి. అందువలన పెద్ద పాత్ర ఒకటి కొనేవారు దానితోపాటు డెమిజాన్లు, సీసాలు కొన్ని వేర్వేరు కొలతలవి సమకూర్చుకోవాలి. సాధనాల జాబితాలో ఎవరూ చేర్చని ఈ చిన్న పాత్రల లోటే తరచుగా వైనును పాడుచేస్తుంది.

సీసాలలో నింపడం

చివరి మార్పిడి సీసాలలోనికి. 23 లీటర్లకు 750 మిల్లీలీటర్ల సీసాలు సుమారు 30 పడతాయి. సైఫను కొనకు అడుగున కవాటం గల నింపుడు గొట్టాన్ని తగిలిస్తారు. సీసా అడుగుకు ఆనించినప్పుడు కవాటం తెరుచుకొంటుంది, ఎత్తినప్పుడు మూసుకొంటుంది. సీసా అంచు దాకా నింపి గొట్టాన్ని పైకి తీస్తే, గొట్టం ఆక్రమించిన చోటు మేరకు వైను దిగి, బిరడాకు కావలసిన ఖాళీ సుమారుగా ఏర్పడుతుంది. స్ప్రింగు లేని కవాటాలు బరువుతోనే మూసుకొంటాయి కనుక ప్రవాహం నెమ్మదిగా ఉన్నప్పుడు చుక్కలుగా కారుతాయి. ఇంటిలో పనిచేసేవారికి స్ప్రింగు గలదే అనుకూలం.